రెండో నెల కథ

కళ్ళకు లేజర్ చేయించుకున్నవాళ్ళను కదిలిస్తే ముందుగా గోడ గడియారం గురించి చెబుతారు. మర్నాడు పొద్దున కళ్ళు తెరవగానే ఎదురుగా ముళ్ళు స్పష్టంగా కనిపించాయనీ, అలవాటుకొద్దీ తలగడ పక్కన జోడు కోసం తడిమి, ఇక అది అక్కర్లేదని గుర్తొచ్చి నవ్వుకున్నామనీ అంటారు. గడియారం లేని ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్కలు, కిటికీ అవతల కొబ్బరాకులు. ఐదో తరగతి నుంచీ లోకాన్ని రెండు గాజుముక్కల్లోంచే చూసిన మనిషికి ఆ ఉదయం నిజంగానే పండుగ. నాకూ అంతే, ఇరవై ఏళ్ళు దాటినా ఆ సంబరం గుర్తుంది. కానీ ఆ కథ ఎంత తియ్యగా ఉంటుందంటే, తర్వాత ఏమైందని ఎవరూ అడగరు, చేయించుకున్నవాళ్ళూ చెప్పరు. చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళకు మాత్రం మొదటి ఉదయం కన్నా రెండో నెల కథే ఎక్కువ పనికొస్తుంది.

నాది మైనస్ ఐదున్నర. బళ్ళో నా పేరు సోడాబుడ్డి. వానలో బండి నడపాలన్నా, వేడివేడి కాఫీ మొహం దగ్గరికి తెచ్చుకోవాలన్నా అద్దాలు తుడుచుకోవడమే సగం పని. అన్నిటికన్నా అవస్థ మంగలి షాపులో. జోడు తీసి కూర్చుంటే అద్దంలో మనిషి ఆనవాలు కూడా ఉండదు. ‘చాలా సార్, ఇంకొంచెం తీయమంటారా?’ అని అడిగితే, ఏం తీశాడో తెలియకుండానే ‘చాలు బాబూ’ అనడం. లేచి జోడు పెట్టుకున్నాక గానీ జరిగిన అన్యాయం తెలిసేది కాదు. కళ్ళజోడు లేనివాళ్ళకు ఇది తమాషాగా ఉంటుంది. ఉన్నవాళ్ళకు లేజర్ వైపు మొదటి అడుగు ఇలాంటి చిన్నచిన్న చోట్లే పడుతుంది.

పరీక్షలకు ఒక పూట పోతుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళయితే అంతకు ముందు కొన్నాళ్ళు వాటిని మానేసి రమ్మంటారు. లెన్సు ఒత్తిడికి కంటి ముందుపొర అయిన కార్నియా వంపు కొంత మారిపోయి ఉంటుంది, అది తన రూపానికి తిరిగొచ్చాకే కొలవాలి. కంట్లో చుక్కలు వేసి పాపను పెద్దది చేసి రెటీనా చూస్తారు. కార్నియా మందం కొలుస్తారు. దాని ఎత్తుపల్లాలకు రంగురంగుల పటం తీస్తారు. ఆ తర్వాత డాక్టరు చేసే లెక్క నాకు భలే నచ్చింది. చాలామందికి కార్నియా నడిమి మందం ఇంచుమించు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. పైన కోసే పలచని మూతకు 100 నుంచి 120 పోతుంది. ఆ కింద లేజర్ చెక్కేది ఒక్కో పాయింటు పవర్‌కు దాదాపు 14. మూత పోగా, చెక్కింది పోగా, అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలి. జాగ్రత్తపరులు 300 మిగలాలంటారు. మందం పలచగా ఉండి పవర్ ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఈ తీసివేత కుదరదు. ఎంత డబ్బు పెట్టినా కుదరదు. లేజర్‌కు ఎవరు పనికొస్తారన్నది తేలేది ఆ చిత్తుకాగితం మీదే, మెషిన్ గొప్పతనం ఆ తర్వాతి మాట.

బల్ల మీద పడుకోబెట్టాక మత్తు సూది ఏమీ ఉండదు, చుక్కలే. రెప్ప వాలకుండా ఒక తీగ బిగిస్తారు. కంటి మీద ఉంగరం లాంటిది పెట్టి గాలి పీలుస్తారు, అప్పుడు కొన్ని క్షణాలు ఆ కంటికి చూపు పూర్తిగా పోతుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి, చెప్పకపోతే గుండె జారుతుంది. మా రోజుల్లో మూత కోసేది సన్నటి బ్లేడు, గుర్రుమని చప్పుడు చేసుకుంటూ పోయేది. ఇప్పుడు చాలాచోట్ల ఆ పనీ మరో లేజరే చేస్తోంది. ఆ మూతను పుస్తకం అట్టలా పక్కకు తిప్పుతారు. అంతవరకు చుక్కలా వెలుగుతున్న దీపం కాస్తా చెదిరి, నీళ్ళలో పడ్డ రంగులా అలుముకుపోతుంది. ‘దాన్నే చూడండి, కదలకండి’ అని డాక్టరు అంటూ ఉంటారు. ఎక్కడుందో తెలియని దాన్ని చూస్తూ ఉండాలి. టకటకమని మెషిన్ శబ్దం, కాలిన వెంట్రుకల వాసన. ఒక్కో కంటికి లేజర్ పని చేసేది నిమిషం లోపే. రెండు కళ్ళూ ముగించి బయటికి రావడానికి బయట కూర్చున్నవాళ్ళు టీ తాగి వచ్చేంత సేపు కూడా పట్టదు.

ఆ వాసనకు చిత్రమైన పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళిన రంగస్వామి శ్రీనివాసన్ అనే రసాయన శాస్త్రవేత్త న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం పరిశోధనా కేంద్రంలో పనిచేసేవారు. అక్కడ ఎగ్జైమర్ లేజర్ అనే అతినీలలోహిత కిరణంతో ప్లాస్టిక్ పొరలను సన్నగా చెక్కే పని నడుస్తుండేది. అసలు ఉద్దేశం కంప్యూటర్ విడిభాగాల తయారీ. 1981 నవంబర్ 27న, థ్యాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు, ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కను ఆయన లేబొరేటరీకి పట్టుకెళ్ళి ఆ కిరణం కింద పెట్టారు. గాటు పదునుగా పడింది, చుట్టుపక్కల మాడిన ఛాయ లేదు. 193 నానోమీటర్ల ఆ కిరణం కణజాలాన్ని కాల్చదు. అణువుల మధ్య బంధాలను తెంచుతుంది, తెగిన తునకలు ఆవిరై ఎగిరిపోతాయి. బల్ల మీద మన ముక్కుకు తగిలేది ఆ ఆవిరే. కన్ను ఎక్కడా కాలదు. సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి ఆయన ఆ దారిని ముందుకు తీసుకెళ్ళారు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టరుతో కలిసి కార్నియా మీద దీని ప్రయోగాన్ని ప్రకటించారు. మూత కోసి, కింద చెక్కి, మళ్ళీ మూసే పద్ధతి ఆ దశాబ్దం చివర్లో గ్రీసులోని క్రీట్ దీవిలో పల్లికారిస్ అనే కంటి డాక్టరు చేతిలో రూపు దిద్దుకుంది. ఆ ముగ్గురు ఐబీఎం శాస్త్రవేత్తలకు తర్వాతెప్పుడో 2013లో అమెరికా అధ్యక్షుడు జాతీయ పతకం అందజేశారు. మన ఊళ్ళలో లక్షల మంది జోడు తీసి పారేయడానికి మొదటి గాటు పండుగ భోజనంలో మిగిలిన ముక్క మీద పడిందని తెలిసినప్పుడు నాకు ముచ్చటేసింది.

సరే, రెండో నెల. మూత కోసినప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి. కన్ను ఆరిపోతోంది, తడి పంపు అని కబురు పెట్టేవి ఆ నరాలే. అవి మళ్ళీ అల్లుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. ఈలోగా కన్ను ఎండుతుంది, గరగరలాడుతుంది, ఇసుక పడ్డట్టుంటుంది. మా పత్రిక డెస్కులో ఏసీ గాలి నేరుగా మొహం మీదికి కొట్టేది. స్క్రీన్ చూసేటప్పుడు మనిషి రెప్ప వేయడం ఎలాగూ తగ్గిపోతుంది. సాయంత్రం ఎడిషన్ వేళకు అక్షరాలు ఒకదాన్నొకటి రాసుకునేవి. కృత్రిమ కన్నీటి చుక్కల సీసా చొక్కా జేబులో పెన్ను పక్కన చేరింది. ఇంత పెద్ద కంటి వైద్యం చేయించుకుని, చివరికి కన్నీళ్ళు మందుల షాపులో కొనుక్కుంటున్నావని మా చీఫ్ సబ్ ఎడిటర్ ఎగతాళి. అది మెల్లగా తగ్గింది. తగ్గుతుందని ముందే తెలిసి ఉంటే ఆ నెలల్లో అంత కంగారు ఉండేది కాదు.

రాత్రి సంగతి వేరు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. లేజర్ చెక్కిన వంపు దాటి, చెక్కని అంచుల గుండా కూడా వెలుతురు లోపలికి వస్తుంది. అప్పుడు వీధి దీపం చుట్టూ వలయం, ఎదురొచ్చే లారీ లైటు నుంచి నలువైపులా చీలికలు. ఎదుటివాడికి డిమ్ చేసే మర్యాద మన హైవేల మీద ఏనాడూ లేదు గనక ఆ అవస్థ రెట్టింపవుతుంది. నాకు ఏడాది తిరిగేసరికి ఇది దాదాపు పోయింది. నా తర్వాత చేయించుకున్న స్నేహితుడికి పోలేదు. రాత్రిపూట హైదరాబాద్ నుంచి సూర్యాపేట మీదుగా సొంతూరికి కారు నడుపుకుంటూ వెళ్ళడం ఆయనకు ఒకప్పుడు సరదా. ఇప్పుడు చీకటి పడితే స్టీరింగ్ కొడుకు చేతికిస్తాడు. పరీక్ష గదిలో మాత్రం ఆఖరి వరుస తడబడకుండా చదువుతాడు. ఆస్పత్రి కాగితాల్లో ఆయనది విజయవంతమైన కేసే, అది అబద్ధమూ కాదు. తెల్లటి వెలుగు పెట్టెలో నల్లటి అక్షరాలు చదవడానికీ, అర్ధరాత్రి వానలో రోడ్డు చూడడానికీ ఉన్న తేడాను కొలిచే గడి ఆ కాగితంలో లేదు, అంతే.

అమెరికాలో ఎఫ్‌డీఏ, జాతీయ నేత్ర సంస్థ, రక్షణ శాఖ కలిసి ప్రౌల్ అనే పేరుతో ఈ విషయం మీదే అధ్యయనం చేశాయి. శస్త్రచికిత్సకు ముందు వలయాలు, చీలికల వంటి ఇబ్బంది ఏదీ లేనివాళ్ళలో 46 శాతం వరకు మూడు నెలల తర్వాత కనీసం ఒకటి కనిపిస్తోందన్నారు. అంతకు ముందు పొడికళ్ళ బాధ లేనివాళ్ళలో 28 శాతం వరకు అది మొదలైందన్నారు. ఈ అంకెలు చూసి బెదిరిపోయే లోపే మిగతావీ చదవాలి. ఆ లక్షణాల వల్ల జోడూ లెన్సూ లేకుండా రోజువారీ పనులు చేసుకోవడం చాలా కష్టమైందన్నవాళ్ళు 1 శాతం లోపే. చూపు పట్ల తృప్తిగా ఉన్నామన్నవాళ్ళు 95 శాతం పైమాటే. రెండూ నిజమే, రెండూ ఒకే మనుషులవి. ఇందులో నన్ను ఆపి ఆలోచింపజేసింది మరొకటి. తమ ఇబ్బందులను డాక్టరుకు నోటితో చెప్పినవాళ్ళకన్నా, ప్రశ్నల కాగితం మీద రాసినవాళ్ళు రెట్టింపుకు పైగా ఉన్నారు.

ఎందుకు చెప్పరో ఊహించడం కష్టమేమీ కాదు. మొదటి ఉదయం అంత సంతోషం ఇచ్చిన మనిషి ముందు నిలబడి, ‘రాత్రిళ్ళు లైట్లు పగిలినట్టు కనిపిస్తున్నాయండీ’ అనడానికి మొహమాటం. అప్పు చేసి కట్టిన డబ్బు వృథా అయిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారేమోనన్న బెరుకు. వద్దన్న తండ్రి ముందు తేలికవడం ఇష్టం లేకపోవడం. మన వైపు ఇంకొకటి కూడా ఉంది: డాక్టరు గారు ‘బాగుందా?’ అని అడిగితే ‘బాగుందండీ’ అనడం మనకు నమస్కారంతో సమానం. మూడో వంతు నొప్పి ఉన్నా అదే జవాబు. అందుకే చేయించుకోబోయేవాళ్ళు నన్ను అడిగితే, చేయించుకున్నవాళ్ళను ఎలా కనిపిస్తోందని అడగొద్దు, రాత్రి బండి నడుపుతున్నారా, చుక్కల సీసా ఎప్పుడు మానేశారు అని అడగమంటాను. అప్పుడు జవాబులు మారతాయి.

కంటి డాక్టర్లలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది ‘మీకు వద్దు’ అనగలిగినవాళ్ళ మీద. మా అక్క కూతురికి పెళ్ళి కుదిరాక, ముహూర్తానికి పది రోజుల ముందు లేజర్ చేయించేద్దామని అక్క ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు పరీక్షలకన్నా ముందు పెళ్ళి తేదీ అడిగారు. హోమం పొగ, కాటుక, మేకప్, ఆపైన తలంబ్రాలు. మూత ఇంకా గట్టిపడని కంట్లో బియ్యపు గింజ తగిలితే ఆ మూత పక్కకు జరిగిపోతుందన్నారు. ‘తలంబ్రాలు మెల్లగా పోసుకోమంటాం లెండి డాక్టరు గారూ’ అంది అక్క. ‘పెళ్ళిలో మీ మాట వినేదెవరమ్మా’ అని ఆయన ఫైలు మూసేశారట. పెళ్ళయ్యాక వెళ్తే పవర్ అర పాయింటు పెరిగి ఉంది. ఏడాదిపాటు కదలకుండా ఉన్న పవర్ మీదే చెక్కాలి గనక మళ్ళీ ఆగమన్నారు. మేనకోడలికి ఆ తొందరే పోయింది. కెమెరాల ముందు తప్ప జోడు తనకెప్పుడూ బరువనిపించలేదట.

అంతకన్నా గట్టి ‘వద్దు’ ఇంకొకటి ఉంది. కార్నియా సన్నబడుతూ శంకువులా ముందుకు పొంగే కెరటోకోనస్ అనే జబ్బు కొందరిలో మొదలై ఉండి పైకి కనిపించదు. ఎలర్జీతో చిన్నప్పటి నుంచీ కళ్ళు నులుముకునే అలవాటున్న పిల్లల్లో దీన్ని ఎక్కువగా చూస్తారు. అలాంటి కార్నియాను ఇంకా చెక్కితే పొంగు ముదిరి చూపు చెడుతుంది, జోడు పెట్టినా సరిగా దిద్దుకోదు. రంగుల పటం తీసేది ముఖ్యంగా దీన్ని పట్టుకోవడానికే. పటంలో అనుమానం ఉందని ఒకచోట పంపించేస్తే, ఇంకోచోట ‘ఏం ఫర్వాలేదు, రేపే రండి’ అన్నారని సంతోషపడేవాళ్ళను చూశాను. ఇద్దరు డాక్టర్ల మాట రెండు రకాలుగా ఉన్నప్పుడు నచ్చిన మాటను వెంటనే పట్టుకోకుండా మూడో చోటికి వెళ్ళాలి. కార్నియా పలచన అయినా జబ్బు లేనివాళ్ళకు వేరే దారులు ఉన్నాయి. మూత కోయకుండా పైపొర తొలగించి చెక్కే పాత పద్ధతిలో నాలుగైదు రోజులు మంట, నీళ్ళు తప్పవు గానీ మందం మిగులుతుంది. పవర్ మరీ ఎక్కువైతే కన్ను లోపలే అదనపు లెన్సు అమర్చే పద్ధతీ ఉంది.

ప్రకటనల గురించి ఒక్క మాట. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా మెట్రో స్తంభాల మీద పండుగ ఆఫర్లు చూస్తుంటే, ఒక కన్ను చేయిస్తే రెండోది ఉచితం అన్న బోర్డు ఇంకా రానందుకు ఆశ్చర్యమేస్తుంది. పద్ధతి పేరు మారేకొద్దీ ధర పాతిక ముప్పై వేల నుంచి లక్ష దాటి పోతుంది. ఆరోగ్య బీమా ఆదుకుంటుందనుకోవద్దు. 7.5 డయాప్టర్ల లోపు పవర్ దిద్దుబాటుకు డబ్బివ్వమని పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లోనే రాసి ఉంటుంది. నా ఐదున్నర పూర్తిగా నా జేబు లోంచే.

ఇంకోవైపు మొదటిసారి జోడు పెట్టుకోవడమే పండుగైనవాళ్ళు ఉన్నారు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో, మరుసటి ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు శిబిరాలు మొదలయ్యాయి. పరీక్ష చేసి చేతికిచ్చిన జోడుతో బియ్యంలో రాళ్ళు మళ్ళీ కనిపిస్తున్నాయన్న ముసలమ్మలకు, జోడు తీసేయడానికి లక్ష పోసే మనం ఏమని అర్థమవుతామో.

నలభై దాటాక ఇంకో లెక్క మొదలవుతుంది. లేజర్ దిద్దేది ముందున్న కార్నియాను. చత్వారం వచ్చేది దాని వెనకాల, కంటి లోపలి లెన్సు బిరుసెక్కడం వల్ల. కాబట్టి లేజర్ చేయించుకున్నా చేయించుకోకపోయినా అది తన వేళకు వస్తుంది. ‘లేజర్ పవర్ అయిపోయిందండీ, మళ్ళీ చేస్తారా?’ అని ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళున్నారు. అయిపోవడానికి అది రీచార్జి కాదు. ఇందులో మాబోటి వాళ్ళకు చిన్న నష్టం కూడా ఉంది. మైనస్ మూడు ఉన్న మనిషి యాభయ్యో ఏట జోడు నుదుటి మీదికి ఎత్తి మందు స్ట్రిప్పు మీద తేదీ చదివేస్తాడు, సూదిలో దారం ఎక్కించేస్తాడు. దగ్గరి చూపు అతని పుట్టు ఆస్తి. మేం దాన్ని చెక్కించి పారేశాం. మా ఆఫీసులో నా ఈడువాడే, లేజర్ మాట ఎత్తితే నవ్వే ప్రూఫ్‌రీడర్ ఒకాయన ఉన్నాడు. హోటల్లో మెనూ ఆయనే చదవాలి. నేను జేబులో రీడింగ్ గ్లాసెస్ వెతుక్కుంటూ ఉంటే ఉప్మా లేదన్న కబురుతో సహా చదివి వినిపిస్తాడు. ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరకు ఉండేలా చెక్కే ఏర్పాటూ ఉంది. కాంటాక్ట్ లెన్సుతో కొన్నాళ్ళు పరీక్షించి చూశాకే అందుకు ఒప్పుకోవడం మేలు. తల తిరిగేవాళ్ళూ ఉన్నారు.

పవర్ పోయినంత మాత్రాన కన్ను మారదు. హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళకు చాలావరకు కనుగుడ్డు పొడుగ్గా ఉంటుంది, దాని వెనక రెటీనా సాగి పలచబడి ఉంటుంది. కార్నియాను ఎంత చక్కగా చెక్కినా ఆ పొడుగు అంతే, ఆ పలచన అంతే. రెటీనాలో చిరుగుల భయం జోడుతో పాటు పోదు. అందుకే ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని వెనక భాగం చూపించుకోవాలి. నల్లటి మచ్చలు, మెరుపులు ఒక్కసారిగా కనిపిస్తే ఆ రోజే వెళ్ళాలి. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు లేజర్ అయిన సంగతి మనమే చెప్పాలి. కార్నియా పలచబడ్డ కంట్లో ఒత్తిడి పరికరం అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, నీటికాసుల జబ్బు ఉన్నా తప్పించుకుపోయే వీలుంది.

అరవై దాటాక శుక్లాలు వస్తాయి. అప్పుడు కంట్లో పెట్టే లెన్సు పవర్ లెక్కగట్టేది కార్నియా వంపు మీదే, కానీ మా వంపు చెక్కిన వంపు. మామూలు సూత్రం పెడితే లెక్క తప్పి, ఆపరేషన్ తర్వాత మళ్ళీ జోడు పట్టే పరిస్థితి వస్తుంది. ఇప్పుడు దీనికి వేరే సూత్రాలున్నాయి గానీ, లేజర్‌కు ముందటి పవర్, వంపు కొలతలు, మందం, ఎంత చెక్కారు, ఆ తర్వాత నిలబడ్డ పవర్ ఎంత అన్న వివరాలు చేతిలో ఉంటే డాక్టరు పని సులువవుతుంది. పాతికేళ్ళ వయసులో కంట్లో చుక్కల మంటతో ఇంటికొచ్చేవాడికి అరవై ఏళ్ళ నాటి శుక్లం గుర్తుండదు. ఆస్పత్రి చిరునామా మారిపోతుంది, కంప్యూటర్లు మారిపోతాయి. మా ఆవిడ నా ఫైలును ఎల్ఐసీ బాండ్లు, పదో తరగతి సర్టిఫికెట్టు ఉన్న సంచిలోనే పెట్టింది. కిందటి నెల కంటి డాక్టరు అడిగితే తీసుకెళ్ళాను. ఆయన మొదటి పేజీ ఫొటో తీసుకుని, శుక్లం ఇంకా లేతగానే ఉంది, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు.